పడుకుంటే పోయే తలనొప్పి

ఇరవై ఏళ్లకు పైగా చిన్నప్పుడు నా తలనొప్పిని ఎందుకు నమ్మలేదని మా ఇంట్లో అడుగుతున్నాను, ఒక్కరూ జవాబు చెప్పలేదు. పెళ్లిళ్లలో అడిగితే ముందు భోజనం చెయ్యమన్నారు, ఫోన్లో అడిగితే సిగ్నల్ లేదన్నారు. అందుకే ఇలా రాస్తున్నాను. ఆ రోజుల్లో మా కొల్లేటి ఊళ్లో పిల్లవాడికి నొప్పి వస్తే సరిపోదు, పెద్దవాళ్లు ఒప్పుకోవాలి.

నాకు పదకొండేళ్లప్పుడు ఏలూరులో హెర్నియా ఆపరేషన్ చేశారు. నడుము దగ్గర, వెన్నులో మత్తు సూది ఇచ్చారు (ఏడవలేదు, అదీ ఎవరికీ గుర్తులేదు). ఇంటికొచ్చిన మర్నాటి నుంచి లేచి కూర్చుంటే తల పగిలిపోయేది, పడుకుంటే కాసేపట్లో పోయేది. ఆ పోవడమే నా నేరమైంది. చేపల చెరువుతో పాటు ఇంట్లో తీర్పులు కూడా చూసుకునే మా బాబాయ్ మంచం చుట్టూ ఓసారి తిరిగి, "లేస్తే వచ్చి పడుకుంటే పోయే నొప్పి ఉంటుందట్రా? పరీక్షల నొప్పి ఇది" అని తేల్చేశారు.

రెండు రోజులకే చెరువు పట్టుబడి, అంటే వలలేసి చేపలన్నీ పట్టే రోజు. ఏడ్చి సాధించి, ట్రాక్టరు ట్రక్కులో వలల కుప్ప మీద పడుకుని వెళ్లాను. దారి పొడుగునా నొప్పి లేదు. గట్టు మీద బొచ్చె చేపల్ని చూద్దామని లేచానో లేదో కళ్లు తిరిగి వాంతి చేసుకున్నాను. అందరి కళ్లూ చేపల మీదే ఉన్నాయి. మిగతా పట్టుబడంతా వెల్లకిలా పడుకుని, పైన ఎగిరే గూడబాతుల పొట్టలు చూశాను. ఇంటికొచ్చాక బాబాయ్ పదిమందిలో, "చెరువుకి లేని తలనొప్పి బడికెలా వచ్చిందమ్మా?" అని మా అమ్మనడిగారు. అప్పట్నుంచి నా పేరు 'నాటకం'.

కుట్లు చూపించడానికి వెళ్తే డాక్టరమ్మ, సూది దిగిన చోట నుంచి వెన్నులోని నీరు కాస్త కారితే ఇలాగే ఉంటుందని, పడుకోబెట్టి నీళ్లు బాగా పట్టించమని, కాస్త కాఫీ కూడా ఇవ్వమని చెప్పారు. అమ్మ ఆ మాట ఇంట్లో చెప్పింది. మీసం వచ్చేదాకా పిల్లలకి కాఫీ ఇవ్వని ఇల్లు మాది. "అదీ సంగతి. కాఫీ కోసమన్నమాట" అన్నారు బాబాయ్. నాలుగు రోజుల్లో తలనొప్పి పోయింది, పేరు పోలేదు.

పోయిన నెల తాడేపల్లిగూడెంలో బాబాయ్ మనవడికి కాలు ఆపరేషనైంది. వాడికీ అదే సూది, అదే నొప్పి. చూడ్డానికి వెళ్తే కిటికీ తెరలు వేసున్నాయి, బాబాయ్ కాఫీ చల్లార్చి చెంచాతో పట్టిస్తున్నారు. "పాపం, పడుకుంటేనే హాయిగా ఉందంటున్నాడ్రా. పసివాడు అబద్ధమెందుకాడతాడు?" అన్నారు నాతోనే.

"నాకూ చిన్నప్పుడిలాగే వచ్చింది బాబాయ్" అన్నాను.

ఆయన కాఫీలో ఇంకో చెంచా పంచదార వేసి కలిపారు. మంచం మీద నుంచి మనవడే అడిగాడు: "మరి తాతయ్య నీకూ కాఫీ పట్టించారా మామయ్యా?"

నాకు నవ్వొచ్చింది. గూడబాతుల్ని చూస్తూ పడుకున్న 'నాటకం' గాడి పక్కన ఇన్నేళ్లకి ఒకడు చేరాడు. నాకు చెప్పకపోతే పోనీ బాబాయ్, వాడికైనా జవాబు చెప్పండి.