కటింగ్ మాస్టర్ మెడలో చప్పుడు

1983లో నా క్లినిక్ యాకుత్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో, ఒక గాజుల గోదాము పైన ఉండేది. కింద గాజుల పెట్టెలు దించే లొల్లి, పైన దగ్గులు, జ్వరాలు, పిల్లల విరేచనాలు. బోర్డు మీద ఎం.బి.బి.ఎస్. అని రాసి ఉన్నా బస్తీవాళ్లకు నేను 'ఆడోళ్ల డాక్టరమ్మ'ను. మగవాళ్లు నా దగ్గరికి వచ్చేది భార్యకు మందు రాయించడానికే. పనిలో పనిగా తమ బాధ కూడా ఒకటి చెప్పి, 'మాకేం లేదనుకోండ్రి' అని లేచిపోయేవారు. బాలకిషన్ మాస్టర్ కూడా అలాగే వచ్చాడు.

ఆయన షేర్వానీల దుకాణంలో కటింగ్ మాస్టర్. కుట్టేవాళ్లు వేరే ఉండేవారు. బట్ట మీద సుద్దగీత గీసి కత్తెర పెట్టడం ఒక్కటే ఆయన పని, కానీ ఆ పనికి పాతబస్తీలో ఆయనను మించినవాడు లేడని పేరు. పెళ్లికొడుకు బట్ట ఆయన చేత్తోనే కోయాలని జనం పట్టుబట్టేవారు. యాభై దాటిన మనిషి. బీడీ మానడు, నోరు మూయడు. ఆ రోజు భార్య యాదమ్మ మోకాళ్ల నొప్పులకు మందు రాస్తుంటే ఆమే మొదలుపెట్టింది.

"మా ఆయనను గుడ జర చూడుండ్రి డాక్టరమ్మా. మొన్న పనిల చెయ్యి పడిపోయింది."

"చెయ్యి పడిపోలె. కత్తెర కింద పడ్డది" అని సరిదిద్దాడు మాస్టర్. "కుడిచెయ్యి జర మొద్దువారింది, మాట తిరగలె. గంతే. చాంద్ పహిల్వాన్ దగ్గరికి పోయిన. మెడల నస పట్టిండు, మంచిగైంది. ఖతం."

నా కలం ఆగింది. "కండ్లు మంచిగనే కనిపిస్తున్నయా?" అని అడిగాను.

"ఎడమ కంటికి అప్పుడప్పుడు పైనించి పర్దా దిగినట్టైతది. జరసేపటికి మల్ల లేస్తది. గది గుడ నసనే అన్నడు పహిల్వాన్."

పాతబస్తీలో పహిల్వాన్ అంటే కుస్తీ పట్టేవాడు మాత్రమే కాదు. విరిగిన ఎముకకు కట్టు కట్టేవాడు, బెణికిన కీలు సరిచేసేవాడు, అన్నిటికీ మించి నస పట్టేవాడు. చర్మం కింద తాడులా చేతికి తగిలేదంతా ఆయన లెక్కలో నసే. అది నరమా, రక్తనాళమా అన్న పట్టింపు లేదు.

కుడిచెయ్యి, ఎడమ కన్ను. వినేవాళ్లకు ఒకదానితో ఒకటి పొసగని ఫిర్యాదులు. డాక్టరుకు మాత్రం రెండూ ఒకే చోటును చూపిస్తాయి. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం మోసే పెద్ద నాళాలుంటాయి. వాటిని కెరోటిడ్ ఆర్టరీలంటాం. ఎడమ పక్కది ఎడమ కంటికీ, మెదడులో ఎడమ సగానికీ రక్తం అందిస్తుంది. కుడిచేతినీ, మాటనూ నడిపించేది ఆ ఎడమ సగమే. నాళం లోపల కొవ్వూ సున్నమూ పేరుకొని పెచ్చు కడితే దాన్ని ప్లాక్ అంటాం. దాని మీది నుంచి చిన్న తునక ఊడి పైకి పోతే చెయ్యి, మాట, చూపు ఏదో ఒకటి కాసేపు పోతుంది. తునక చెదిరిపోతే పోయింది తిరిగొస్తుంది. దీన్నే టి.ఐ.ఏ. అంటాం. పక్షవాతం తాను రాబోతున్నానని ముందుగా పంపే కబురు అది. ఆ కబురుకు నొప్పి ఉండదు, కనుక దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు.

ఊపిరి బిగబట్టమని మాస్టర్ మెడ మీద, ఎడమ దవడ కింద స్టెతస్కోప్ పెట్టాను. సుయ్, సుయ్ అని వినిపించింది. ఇరుకైన చోట రక్తం దూరుతూ చేసే ఈ చప్పుడును బ్రూయి అంటాం. పహిల్వాన్ ఎక్కడ నొక్కుతాడో చూపించమన్నాను. మాస్టర్ బొటనవేలు సరిగ్గా నా స్టెతస్కోప్ ఉన్న చోటికే వచ్చింది.

"మాస్టర్, ఇయ్యాల్టి నుంచి మీ మెడ మీద ఎవరి చెయ్యీ పడొద్దు. ఆడ పెచ్చు ఊడిందంటే చెయ్యి, మాట మొత్తానికి పోతయి."

"ఏంది డాక్టరమ్మా, గట్లంటరు? ఆయన పట్టవట్టే గదా మంచిగైతున్నది."

"ఆయన పట్టకపోయినా తగ్గేదే!"

"మరి పట్టినంకనే తగ్గింది గదా."

ఈ వాదనను ఏ వైద్య గ్రంథంతో కొట్టిపారేయాలి? చెయ్యి మొద్దుబారగానే దుకాణం దిగి, రిక్షా ఎక్కి, పహిల్వాన్ దగ్గరికి చేరేసరికి అది ఎలాగూ తగ్గుముఖం పట్టి ఉండేది. ఆయన నాలుగు చుక్కలు నూనె వేసి రుద్దేసరికి పూర్తిగా తగ్గేది. పేరు పహిల్వాన్‌కు పోయింది. నాకు మాత్రం మనిషిని ఊరికే బెదిరించే డాక్టరని పేరు మిగిలింది.

రక్తం పలుచగా పారేందుకు రోజూ ఆస్పిరిన్ వేసుకోమన్నాను. మళ్లీ వచ్చినప్పుడు అడిగితే, "అది తలనొప్పి గోలీ గదా డాక్టరమ్మా. నాకు తలనొప్పి లేదాయె. యాదమ్మకే ఇచ్చిన" అన్నాడు. పెద్దాసుపత్రిలో మెదడు డాక్టరుకు చీటీ రాసి పంపించాను. వెళ్లాడు కూడా. అక్కడ యాంజియోగ్రామ్ చెయ్యాలన్నారు. అంటే మెడలో ఆ నాళంలోకే సూది గుచ్చి, మందు ఎక్కించి, వెంటనే ఎక్స్‌రేలు తీయడం. ఆ మాట విని అక్కడి నుంచి తిన్నగా నా దగ్గరికే వచ్చి పడ్డాడు.

"మీరేమో మెడ ముట్టొద్దంటిరి. వాళ్లేమో ఆడ్నే సూది గుచ్చుతమంటున్నరు. ముందుగాల మీరు మీరు ఒక్క మాట మీదికి రాండ్రి!"

చెప్పి చెప్పి నాకు తలప్రాణం తోకకొచ్చింది. బొమ్మ గీసి చూపించాను. కోప్పడ్డాను. బతిమాలాను. అన్నిటికీ ఆయన తల ఊపి, బీడీ చెవి మీద పెట్టుకొని వెళ్లిపోయేవాడు.

పెళ్లిళ్ల సీజన్‌లో ఒకరోజు యాదమ్మ ఒగరుస్తూ మెట్లెక్కి వచ్చింది. దుకాణంలో ఒక పెళ్లికొడుకు జరీబట్ట పరిచి కత్తెర పెట్టిన మాస్టర్ చెయ్యి ఉన్నట్టుండి పక్కకు జారిందట. బట్ట నిలువునా ఖరాబైంది. పెళ్లివాళ్లు అరుస్తుంటే జవాబు చెప్పబోయాడట, నోటి నుంచి మాట రాలేదు. ఈసారి చాలాసేపు రాలేదు.

"ఇప్పుడు యాడున్నడు?" అన్నాను.

"ఇంకేడ, పహిల్వాన్ దగ్గరనే. నా మాట ఇనడు, మీ మాట ఇనడు. ఆ చెయ్యి పోతే ఆయన బతకడు డాక్టరమ్మా. అన్నం తినకపోయినా ఉంటడు గని కత్తెర వట్టకుండ ఉండలేడు."

బయట కూర్చున్న పేషెంట్లను కాసేపు ఆగమని చెప్పి, స్టెతస్కోప్ తీసుకొని ఆమె వెంట బయలుదేరాను. అంత కోపంతో నేను అంతకుముందు ఏ గల్లీలోనూ నడవలేదు.

చాంద్ పహిల్వాన్ దుకాణంలో నూనె వాసన, కోడిగుడ్డు సొన వాసన కలిసి కొడుతున్నాయి. కట్లు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు గోడ వెంబడి కూర్చున్నారు. నడుమ బల్ల మీద మా మాస్టర్, మెడ నిండా నూనె. వెనక గుమ్మమంత పహిల్వాన్, చెయ్యి ఎత్తి పట్టుకొని ఉన్నాడు.

"ఆయియే డాక్టరమ్మా, కూసోండ్రి" అన్నాడు మర్యాదగానే.

"ముందు ఆ చెయ్యి తియ్యి!" అని అరిచాను.

ఆయన చెయ్యి తీశాడు గాని తగ్గలేదు. "నా చేతులకెల్లి ఎంతమంది నడుసుకుంట పోయిన్రో బస్తీల అడుగుండ్రి. మాస్టర్‌కు గుడ పట్టినప్పుడల్ల మంచిగనే అయింది."

ఇంక వాదించే ఓపిక లేదు. స్టెతస్కోప్ ఆయన చెవుల్లో పెట్టి, రెండో కొస ఆయన మెడ మీదే ఆనించాను. తన నాడి తానే వింటూ చిన్నపిల్లవాడిలా నవ్వాడు. తర్వాత దాన్ని మాస్టర్ మెడకు ఎడమ పక్క పెట్టాను. నవ్వు పోయింది. కుడి పక్క పెట్టమని సైగ చేశాడు. అక్కడ విని, మళ్లీ ఎడమ పక్కకు జరపమన్నాడు.

"ఏందమ్మా ఇది? నల్లా నీళ్లు సన్నగ వచ్చినట్టు సుయ్‌మంటున్నది."

"ఆడ నస లోపల పెచ్చు కట్టింది. నువ్వు రుద్దితే ఊడి తలకాయల్కి పోతది. పోతే చెయ్యి, నోరు రెండూ పాయె."

ఆయన స్టెతస్కోప్ తీసి నాకిచ్చాడు. తువ్వాలతో చేతుల నూనె తుడుచుకున్నాడు.

"మాస్టర్, ఇది నా పని గాదు. ఇగ నీ మెడ నేను ముట్ట. డాక్టరమ్మ యాడికి పొమ్మంటే ఆడికి పో, సూది అంటే సూది గుచ్చిపిచ్చుకో."

"గట్లనే పహిల్వాన్ సాబ్" అన్నాడు మాస్టర్.

గట్లనే! నెలల తరబడి నేను గొంతు చించుకున్న మాటలే. నాకు గోడకు తల బాదుకోవాలనిపించింది. పైగా వెళ్లేముందు అక్కడున్న వాళ్లందరి మెడలూ ఒకసారి వినిపొమ్మని పహిల్వాన్ పట్టుబట్టాడు. తిట్టుకుంటూనే విన్నాను.

యాంజియోగ్రామ్‌లో అనుకున్నదే తేలింది. ఎడమ కెరోటిడ్ రెండుగా చీలే చోట దారి దారపు పోగంత మిగిలింది. ఆ ఆపరేషన్ నేర్చుకొని వచ్చిన సర్జన్ ఒకాయన ఆసుపత్రిలో కొత్తగా చేరారు. నాళాన్ని కోసి, లోపలి పెచ్చు ఒలిచి తీసి, మళ్లీ కుట్టేస్తారు. దాన్ని ఎండార్టరెక్టమీ అంటారు. ఆ ఆపరేషన్‌లోనే పక్షవాతం రావచ్చనీ, చెయ్యకపోయినా రావచ్చనీ ఆయన దాచకుండా చెప్పారు. యాదమ్మ నా ముఖం చూసింది. నేను చేయించమన్నాను. అన్నాక నాకు తిండి సహించలేదు.

మత్తు మెడకు మాత్రమే ఇస్తామన్నారు సర్జన్. పని జరుగుతున్నంతసేపు నాళాన్ని బిగించి రక్తం ఆపాలి. అవతలి పక్క నుంచి వచ్చే రక్తంతో మెదడు నెట్టుకొస్తోందో లేదో తెలియాలంటే పేషెంటు మెలకువగా ఉండి, మాట్లాడుతూ, చెయ్యి ఆడిస్తూ ఉండాలి. మాటగానీ చెయ్యిగానీ ఆగితే వెంటనే షంట్ అనే చిన్న గొట్టం పెట్టి రక్తం దారి మళ్లించాలి. కుడిచేతిలో నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ పెట్టారు. "మీ పేషెంటు కదా, మీరే మాట్లాడించండి" అని నన్ను ఆయన తల దగ్గర కూర్చోబెట్టారు.

నాళం బిగించారు. "మాస్టర్, షేర్వానీ ఎట్ల కోస్తరో చెప్పండ్రి" అన్నాను.

చెప్పాడు. ఛాతీ దగ్గర ఎంత వదలాలి, పొట్టున్న పెళ్లికొడుకును ఎలా దాచాలి, కొలత ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టే మొగోళ్లను ఎలా పట్టుకోవాలి. బొమ్మ కీచుమంటూనే ఉంది. ఈ మనిషి నోరు ఎప్పుడు మూస్తాడా అని ఇన్నాళ్లు ఎదురుచూసిన నేను, ఆ గొంతు వింటూ దేవుళ్లందరికీ మొక్కుతున్నాను.

అంతలో గొంతు ఆగింది. బొమ్మ కూడా ఆగింది.

"మాస్టర్!" అన్నాను. జవాబు లేదు. సర్జన్ తలెత్తి షంట్ కోసం చెయ్యి చాపారు. "మాస్టర్! బాలకిషన్ మాస్టర్!"

"ఆగుండ్రి డాక్టరమ్మా" అంది గుడ్డ కింది నుంచి గొంతు, విసుగ్గా. "యాద్ జేస్తున్న. పహిల్వాన్‌కు కుర్తా కుట్టిద్దామంటే ఛాతీ కొలత యాదికి రాకపాయె." బొమ్మ కీచుమంది.

నాకు ఆయనను కొట్టాలనిపించింది. ఏడుపూ వచ్చింది. మాస్క్ ఉండబట్టి ఎవరికీ కనబడలేదు.

తీసిన పెచ్చును సర్జన్ నాకు చూపించారు. మాడిన పాలగిన్నె గీకితే వచ్చే అడుగులా ఉంది. ఇంత చిన్న దానితోనా ఇన్నాళ్లు పోట్లాడాను అనిపించింది.

కొన్నాళ్లకు మాస్టర్ నన్ను దుకాణానికి పిలిపించి, తెల్లకోటుకు కొలత తీసుకున్నాడు. ఆయన చొక్కా కాలర్ కిందికి కోసి ఉంది, మచ్చ అందరికీ కనబడాలని. వచ్చిన గిరాకీకల్లా మెడ తిప్పి చూపిస్తున్నాడు. "ఈ బీమారిని పట్టింది మా పహిల్వాన్. డాక్టరమ్మ గుడ మస్తు మదద్ చేసింది." నేను నోరు తెరవబోయాను. అప్పుడే ఆయన కత్తెర అందుకొని నా కోటు బట్ట మీద పెట్టాడు. సుద్దగీత మీద వెంట్రుకవాసి కూడా తప్పకుండా కత్తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది.

నిజం ఒకసారి వివరంగా చెబితే సరిపోతుందని నేను అనుకునేదాన్ని. కానీ అది తాను నమ్మినవాడి నోటి నుంచి వస్తేనే మనిషి వింటాడు. ఆ నమ్మినవాడి గుమ్మం ఎక్కడం కూడా నా వైద్యంలో భాగమేనని ఈ కేసు నేర్పింది. ఆ తర్వాత పహిల్వాన్ ఎడాపెడా జనాన్ని నా దగ్గరికి తోలాడు, "మెడల చప్పుడు ఉన్నదేమో చూడమన్నడు" అంటూ. చాలామందికి ఏమీ ఉండేది కాదు. గొణుక్కుంటూనే అందరి మెడలూ విన్నాను. ఒకరిద్దరికి ఉంది.

ఇప్పటికీ ఎవరైనా "దానంతట అదే తగ్గింది డాక్టరమ్మా" అని నవ్వుతూ లేవబోతే నాకు ఒళ్లు మండుతుంది. కూర్చోమంటాను. కాలర్ గుండీ తీయమంటాను.