పోపు పెట్టిన ప్యాడ్లు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి జూన్‌లో నన్ను దుమ్ముగూడెం మండలంలోని ఒక గిరిజన బాలుర హాస్టల్‌కు వేశారు. ఉద్యోగం అసలు పేరు వసతి గృహ సంక్షేమాధికారి. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు కనుక అందరికీ వార్డెన్ సారునే.

దసరా సెలవుల తర్వాత బోరు మోటరు కాలిపోయింది. పిల్లలు చలిలో వాగు నుంచి బకెట్లు మోసుకొస్తుంటే నేను విన్నపం మీద విన్నపం రాస్తూ పోయాను. మోటరు మంజూరు చేయవలసింది భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు అధికారి మేడం. నా విన్నపాలేమో సహాయ అధికారి, ఉప సంచాలకులు అంటూ మెట్లెక్కుతూ ఎక్కడో కునుకు తీస్తున్నాయి.

జనవరి ఒకటిన వార్డెన్లందరం మేడంను కలిసి శుభాకాంక్షలు చెప్పడం ఆనవాయితీ. ఆ ఏడు బొకేలు, శాలువాలు వద్దు, పిల్లలు చేత్తో చేసిన స్టేషనరీ ఏదైనా తెమ్మన్నారు. మోటరు మాట ఆమె చెవిన వేయడానికి నాకు అదొక్కటే అవకాశం. తీరా ఆ సంగతి ముందురోజు సాయంత్రం దాకా గుర్తే లేదు.

పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి, సగానికి కోసి, నూనె ప్యాకెట్లు వచ్చిన పెట్టెల అట్టలు పెట్టి, పై అంచుకు మైదా జిగురు పూసి బియ్యం బస్తా కింద ఉంచితే తెల్లారేసరికి రాత ప్యాడ్ తయారు. ఖర్చు గుప్పెడు మైదా. అట్టల మీద పిల్లలు నెమళ్లు వేశారు. జిగురు ఉడికించే పని వంటమనిషి ముత్తక్కకు అప్పజెప్పాను.

పొద్దున బస్తా తీస్తే ప్యాడ్లు ఘుమఘుమలాడుతున్నాయి. కాగితాల మీద నూనె మరకలు, అంచుల్లో ఆవాలు, ఒక నెమలి మెడ దగ్గర కరివేపాకు. ముత్తక్కను నిలదీశాను. అంటించడానికేనని తెలుసట. తెలిసే చేసిందట.

"మేడం కాడికి పోయేది సారూ. ఉప్పు, పోపు లేకుంట చప్పగ ఎట్ల పంపాలె?" అంది.

హాస్టల్ నూనె దుర్వినియోగం కింద మెమో ఇద్దామనుకున్నాను. కానీ బస్సు వేళయింది, ఇంకోటి చేసే వ్యవధి లేదు.

మేడం గది ముందు వరుసలో మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. నా వంతు వచ్చేసరికి అందరూ ఆకలి మీద ఉన్నారు. మేడం ప్యాడ్ అందుకుని వాసన చూశారు, ఆవాలు వేలితో తడిమారు, ఇదేమిటని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పగలబడి నవ్వారు. ఆ సందులో మోటరు మాట ఎత్తబోతే వెనకవాళ్లు నన్ను ముందుకు నెట్టేశారు. ముత్తక్కను తిట్టుకుంటూ ఇల్లు చేరాను.

వారం తిరక్కుండా జీపు మా హాస్టల్ గేటు ముందు ఆగింది. జిగురుకే పోపు పెట్టే మనిషి పప్పు ఎలా చేస్తుందో చూద్దామని వచ్చానన్నారు మేడం. పిల్లల వరుసలో కూర్చుని, మారు వడ్డించుకుని తిన్నారు. లేచి కుళాయి తిప్పారు. చుక్క రాలేదు. పక్కది తిప్పారు. ముత్తక్క చెంబు తెచ్చింది.

"మోటరు కాలి మూన్నెల్లాయె మేడం. గివి పిల్లలు మోసిన వాగునీళ్లు" అంటూ చేతి మీద పోసింది.

ఆ వారంలోనే మోటరు దిగింది.

ఇందులో నేను నేర్చుకున్నది ఒక్కటే. విన్నపాలను అధికారులు కడుక్కున్న చేతులతో చదువుతారు. నీళ్ల సంగతి తెలియాలంటే చెయ్యి ఎంగిలిగా ఉండాలి.