ఇంటిపేరు మారినా పోని జబ్బు

బ్రహ్మాన్ని నేను పెళ్లి చేసుకోవాల్సింది. ముప్పయ్యేళ్ల కిందట, తాంబూలాలకి ముందురోజు మా ఇంటికొచ్చి వద్దన్నాడు.

"మా అమ్మకి ముందు చెవులు పోయినయ్, తర్వాత ఫిట్సు, ఆఖరికి నన్నే ఎవరని అడిగింది. ఈ జబ్బు నా పిల్లలకొద్దు కోటేశ్వరీ. నాతోనే ఆగిపోవాల" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏడాది తిరక్కుండా ఇంకొకరితో నా పెళ్లయింది. కాపురం మాత్రం, నా ఖర్మ, మాచర్లలో అతని పక్కింట్లోనే పడింది.

నాపరాళ్లు కోసే మిషన్ దగ్గర పని చేసుకుంటూ బ్రహ్మం ఒంటరిగానే ఉండిపోయాడు. చెల్లెలు యమునకి మాత్రం పట్టుబట్టి కారంపూడి సంబంధం చేశాడు. ఆ పిల్ల భయపడితే, "నీకేందే, ఇంటిపేరు మారిద్ది. ఆ జబ్బు మన ఇంటిదేగా" అన్నాడు. మేమంతా తలలూపాం. ఆడపిల్లతో జబ్బు గడప దాటదనే అందరం నమ్మాం.

నలభై నిండకుండానే యమున ఫిట్సు వచ్చి పోయింది. తర్వాత ఆమె కూతురు నిఖిత వంతు. ఇరవై నాలుగేళ్లకే మెదడు దెబ్బతిని, కన్నకూతుర్ని చూసి "ఎవరి పిల్ల?" అంటుంటే, మొగుడు ఇద్దర్నీ తెచ్చి బ్రహ్మం ఇంట్లో దించిపోయాడు.

గుంటూరులో డాక్టరమ్మ పరీక్షలు చేయించి చెప్పింది. ఒంట్లో కణాలకి సత్తువ తయారుచేసే మైటోకాండ్రియాలు తల్లి నుంచే వస్తాయట. వాటిలో లోపముంటే మెదడు తట్టుకోలేదు. ఆడైనా మగైనా పిల్లలకి ఆ జబ్బు తల్లి నుంచి రావచ్చు. మగవాడి నుంచి మాత్రం పిల్లలకి పోదు.

"అయితే నాకు పిల్లలు పుట్టుంటే?" అని అడిగాడట బ్రహ్మం.

"మీ నుంచి వాళ్లకి వచ్చేది కాదండి" అందట ఆవిడ.

ఇదంతా గోడ దగ్గర నిలబడి నాతో చెప్పాడు. "పెళ్లి లేకుండా ఆగినోణ్ణి నేను. కాపురానికి పంపించింది చెల్లెల్ని" అన్నాడు. ఇన్నేళ్లు దాచుకున్న కోపం ఆ పూట నాకు రాలేదు. రాకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

నిఖిత కూతురు కావ్యకి నాలుగేళ్లు. పిల్లకీ పరీక్ష చేయిద్దామని నేనంటే బ్రహ్మం ఒప్పుకోలేదు.

"తెలిసి ఏం చేయాల? నయం చేసే మందు లేదంటగా" అన్నాడు.

కానీ రోజూ పొద్దున పనికి పోయేముందు, అరుగు మీద ఆడుకునే పిల్ల వెనక నిలబడి మెల్లగా "కావ్యా" అంటాడు. అది తిరిగి చూస్తుంది. అప్పుడు సైకిలెక్కుతాడు.

నిన్న మూడుసార్లు పిలిచాడు, అది ఆటలోనే ఉంది. నాలుగోసారి వినలేక నేను తలుపేసుకున్నాను.