రేవు మూసిన చోట అమ్మమ్మ మాఫీ

జహీరాబాదులో మాది దూది ఏకే ఇల్లు. ముసల్మానులమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అరవైల్లో మా తాత హజ్‌కు పోయాడు. అప్పట్లో బొంబాయి నుంచి ఓడలో పోయేవాళ్ళు. పోయేముందు అందరినీ "ఏమన్న అని ఉంటే మాఫ్ చేయిన్రి" అని అడగాలి. మనవల్ల మనసు నొచ్చినవాళ్ళు మాఫ్ చేయకపోతే హజ్‌ను అల్లా కబూలు చేయడని మా వాళ్ళ నమ్మకం. తాత మొగుడంపల్లి దాకా పోయి అడిగొచ్చాడు. అందరూ చేశారు, మా అమ్మమ్మ తప్ప.

ఎట్లా చేస్తుంది? ఇద్దరం పోదామని ఏళ్ళ తరబడి ఊరించి, చివరికి ఒక్కడే బయలుదేరాడు మహానుభావుడు! మేం బొంబాయి దాకా సాగనంపడానికి పోతే, ఓడ ఎక్కే షెడ్డు గేటు ముందు కూడా బతిమాలాడు. అమ్మమ్మ మొహం తిప్పుకుంది.

"తిరిగొచ్చినంక చేస్త. ఈ గేటు కాడనే నిలవడి చేస్త. పో!"

నెలల తర్వాత ఓడ వస్తుందని తెలిసి అమ్మమ్మ, మేనమామ, నేను మళ్ళీ బొంబాయి పోయాం. గుర్రబ్బండి దిగి నోళ్ళు తెరిచాం. షెడ్డు లేదు! గేటు స్తంభాలు రెండు, వాటి వెనక ఇటుకల కుప్పలు. రేవు మూసేశారట. సముద్రం ఒడ్డున షికారు బాట, కూర్చోవడానికి బెంచీలు వేస్తారట. అంత పెద్ద రేవును మూసెయ్యడమేమిటి? మా ఊళ్ళో ఒక్క వారం సంత ఆపితేనే జనం కొట్లాటకు వస్తారు. ఎవరో గాలికి తిరగడానికి, మేం ఏడ్చి సాగనంపిన చోటును పీకేశారు! నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఓడలు కొత్త రేవుకు పోతున్నాయని తెలిసి, మామ అక్కడికి పోదామన్నాడు. అమ్మమ్మ కదలలేదు.

"ఈడనే ఉంటనని చెప్పిన. ఈడనే ఉంట."

మామ ఒక్కడే పోయి, మధ్యాహ్నానికి మొహం వేలాడేసుకొని వచ్చాడు. "ఓడ ఖాళీ అయింది. నాయిన కనవడలే. తొవ్వల కొందరు పానం ఇడిచిన్రంట. పేర్లు చెప్తలేరు."

అమ్మమ్మ ఇటుకల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. మరుక్షణం దాన్ని లాగేసి సముద్రం వైపు అరిచింది.

"మాఫ్ చేసిన! ఇనవడ్తుందా? నువ్వు ఓడ ఎక్కిననాడే చేసిన. నోటితోని అనలే, గంతే!"

పనివాళ్ళు పారలు ఆపి చూశారు. ఆమె అదే మాట గొంతు పోయేదాకా అరిచింది. తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చుంది.

చాలాసేపటికి, రోడ్డు వైపు నుంచి మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్ళ డబ్బా భుజాన పెట్టుకొని తాత వచ్చాడు! బక్కచిక్కి, గడ్డం పెరిగి. దయ్యమనుకొని కేక పెట్టాను. దిగీదిగగానే ఇక్కడికే బయలుదేరి, దారి తప్పి ఊరంతా తిరిగాడట.

"ఈ గేటు ఇడిచి కదలవని నాకు ఎర్కలేదా?" అన్నాడు. డబ్బా దింపి, భయంభయంగా అడిగాడు. "ఇప్పుడన్న మాఫ్ చేస్తవా?"

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "జర ఆగు. ఇంటికి పోయినంక చూద్దాం."

నేను నోరు తెరవబోయాను. తొడపాశం పెట్టింది.