అద్దె ఇంటి క్లాజూ, బుట్ట కింది కోడీ

బందరు కోర్టులో చాలాకాలం ప్రాక్టీసు చేసిన మా ప్లీడరమ్మగారు గురువారం ఉదయం తన ఇంట్లో చనిపోయారు. ఆమె ఎదురుచూస్తున్న సమాన అవకాశాల బిల్లు అప్పటికి లోక్‌సభ దాటింది. రాజ్యసభ దాటలేదు. బిల్లు ఎక్కడుందో చెప్పకుండా నన్ను ఏ వార్తా ముగించనిచ్చేవారు కాదు కనుక, ఈ వార్తలోనూ చెబుతున్నాను.

ఆ బిల్లు సారాంశం చిన్నది. కులం, మతం, ఆడామగా, వైకల్యం చూసి ఎవరికీ ఉద్యోగం గానీ అద్దె ఇల్లు గానీ కాదనకూడదు.

లోక్‌సభ మూజువాణి ఓటుతో దాన్ని ఆమోదించిన మర్నాడు పొద్దున్నే ఆమె నాకు ఫోన్ చేశారు.

"అబ్బాయ్, చట్టం వచ్చేసిందని వేశారు మీ పేపర్లో. ఎక్కడిదాకా వచ్చింది?"

"హెడ్డింగ్ డెస్కువాళ్లు పెడతారండీ."

"రెండో సభ ఒకటుందని డెస్కుకి తెలుసా? రాష్ట్రపతి సంతకం? అమలు తేదీ గెజిట్‌లో పడటం? సర్లే, టిఫిను తిని రా. నిన్న సభ ఒప్పుకున్న ప్రతి పట్టుకుని రా."

ఆమె వరండాలో స్థాయీ సంఘం నివేదికనూ, సభ ఆమోదించిన ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని చదివాం. నివేదికలో ఉన్న అద్దె ఇళ్ల క్లాజు రెండోదాంట్లో లేదు. చివరి రోజు ప్రభుత్వమే ఒక సవరణ తెచ్చి తీసేసింది. ఢిల్లీకి ఫోన్లు చేశాను. "విస్తృత సంప్రదింపుల తర్వాత" అన్నారు. ఎవరితో అంటే చెప్పినవాళ్లు లేరు.

"ఇళ్లున్నవాళ్లతోనేలే," అన్నారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఆ క్లాజు మీద అంత పట్టెందుకని అప్పుడడిగాను. చెప్పారు. దివిసీమ నుంచి కొత్తగా ప్రాక్టీసుకొచ్చినప్పుడు బందరులో ఒక ఇల్లు కుదిరింది. అద్దె మాట్లాడుకున్నారు, పంపు ఎప్పుడొస్తుందో కూడా అడిగారు. లేచి వచ్చేస్తుంటే ఇంటావిడ, "ఆదివారాలు ఎక్కడికెళ్తారమ్మా?" అంది. "చర్చికండీ." తెల్లారేసరికి ఆ ఇంటికి వాళ్ల బంధువులు వస్తున్నారని కబురొచ్చింది. టు లెట్ బోర్డు మాత్రం దసరా దాకా వేలాడుతూనే ఉంది. అన్నాళ్లూ ఈమె సొంతూరి నుంచే అవనిగడ్డ బస్సులో నిలబడి కోర్టుకొచ్చారు.

"తర్వాత వాళ్ల పొలం తగాదా నేనే వాదించాను. గెలిచాం."

"ఫీజు తీసుకున్నారా?"

"ఎందుకు తీసుకోనూ?"

పాతకథ అనుకోవడానికి లేదు. ఆమె జూనియర్‌ది సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. ఆ అమ్మాయి నిరుడు గుడివాడలో ఇల్లు వెతుక్కుంటే, పేరు కూడా అడక్కుండా, "ఎండుచేపలు వండుతారా?" అని అడిగారట. ఇప్పటికీ రోజూ బందరు నుంచే గుడివాడ కోర్టుకు వెళ్లివస్తోంది.

ప్లీడరమ్మగారి సొంతూరి చర్చిలో కృతజ్ఞత కూడిక జరిగినప్పుడు గుమ్మడికాయో, అరటిగెలో, కోడో తెచ్చి సమర్పిస్తారు. ఆరాధన అయ్యాక ఆవరణలోనే వేలం వేస్తారు. బిల్లు సభలో ప్రవేశపెట్టిన రోజున ఆమె, అది చట్టమైతే ఇస్తానని ఒక కోడిపెట్టను మొక్కుకున్నారు. స్థాయీ సంఘం బిల్లును పరిశీలిస్తూ ఉండగానే ఆ పెట్ట ముసలిదై చచ్చిపోయింది. ఇప్పుడున్నది రెండోది.

లోక్‌సభ దాటిందని తెలిశాక వచ్చిన ఆదివారం ఊళ్లో కూడిక పెట్టేశారు. పాటలయ్యాయి, వేలం మొదలైంది. నేనూ వెళ్లాను. సంఘపెద్ద ఆమెను వదల్లేదు.

"అక్కా, కోడేదీ?"

"బుట్ట కింద ఉంది."

"బిల్లు పాసైందిగా!"

"సగం ఏరు దాటినోడికి తడిబట్టలే గానీ ఒడ్డుండదు, తమ్ముడూ."

"నీకు దేవుడి మీద కూడా అనుమానమే."

"ఆయన మీద లేదు. క్లాజుల మీద."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, వేలంలో ఒక అరటిగెల పాడుకుని ఇంటికొచ్చి, ఆ మధ్యాహ్నమే ఒక రాజ్యసభ సభ్యుడికి సవరణ ముసాయిదా పంపారు. దాంట్లో విశేషణం ఒక్కటీ లేదు. నాకు అలా రాయడం నేర్పిందీ ఆవిడే. "ఘోరం అని రాయకు. ఏం జరిగిందో రాయి. ఘోరమో కాదో చదివినవాళ్లు చెప్తారు."

భూస్థాపన అయ్యాక ప్లీడరమ్మగారి చెల్లెల్ని సంఘపెద్ద నెమ్మదిగా అడిగాడు. ఆదివారం సంస్మరణ కూడిక కదా, కోడిని అప్పుడైనా తెస్తారా అని.

"బతికుండగా తేనిది ఇప్పుడు తెస్తే ఊరుకుంటుందా అన్నయ్యా? ఉండనీ."

సోమవారం రాజ్యసభ కార్యక్రమాల జాబితాలో బిల్లు ఉంది. అద్దె ఇళ్ల క్లాజును తిరిగి చేర్చాలని ఆ సభ్యుడు సవరణ నోటీసు ఇచ్చారు. నెగ్గితే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. కానీ నోటీసు ఇచ్చినవాళ్లందరూ ప్రతిపాదించరు. అధ్యక్షస్థానం నుంచి పేరు పిలిచినప్పుడు మనిషి సీట్లో ఉండాలి. ఉంటానని నాతో ఫోన్లో అన్నారు. సోమవారం టీవీలో ఆ సీటు వైపే చూస్తాను.

ఇక్కడ, ఖాళీ వరండాలో వెదురుబుట్ట కింద, ఎర్రపెట్ట నూకలు ఏరుకుంటోంది.