రాణి మెడకు రెండు వేళ్ల సందు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ చేలన్నీ ప్లాట్లయిపోతుంటే, కొలతకు లొంగనిది లోకంలో ఏదీ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంతోనే ఒక పిల్లి మెడకు పట్టీ కట్టాను. అందులో పోయినవి చెబుతాను: పాత సంచి పట్టీ ఒకటి, చొక్కా చేయి ఒకటి, అరచేతి మీద చర్మం ఒకటిన్నర అంగుళం, లెక్కల మనిషినన్న పేరులో సగం, మువ్వ ఒకటి.

పిల్లి పేరు రాణి, మా ఓనరమ్మది. ఆమె పొలం అమ్మగా మిగిలిన జాగాలో గదులు కట్టి, ఒకటి నాకు కిరాయికిచ్చింది. ప్లాట్లు కొలిచేవాళ్ల దగ్గర టేపు పట్టేవాణ్ణి గనక ‘లెక్కల సారు’ అని పేరూ పెట్టింది. పక్కగదిలో గుంటూరు పిన్నిగారు. ఆవిడ పాలగిన్నె రోజూ రాణి ఖాళీ చేసేది. “అది వస్తుంటే వినబడేలా మెడలో మువ్వైనా కట్టండి, లేదా సంచిలో వేయించి మూసీ అవతల వదిలించేస్తాను” అని ఆవిడ తేల్చి చెప్పేసరికి ఓనరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తన పాత పట్టగొలుసు నుంచి మువ్వ ఊడదీసి నా చేతిలో పెట్టింది. “సారూ, పని అయినంక నా మువ్వ నాకియ్యాలె.”

రాణి మెడ ఎనిమిదిన్నర అంగుళాలు. మా పనిలో కొలిచిందే హద్దు. అంగుళం వదిలితే పక్కవాడు గోడ కట్టేస్తాడు. అందుకే నా పాత సంచి పట్టీని సరిగ్గా ఎనిమిదిన్నరకే బకిల్ బిగించాను. రాణి పాల వంక చూసింది, గుటక వేయబోయి మానుకుంది, వెనక్కి వెనక్కి నడుస్తూ మంచం కిందికి పోయింది. “గంత గట్టిగ కడ్తరా? నీ మెడకు కట్టుకోని బువ్వ తిను, సూస్తా!” అంది ఓనరమ్మ. అదే పట్టీని పొడుగు వదిలి, నా మెడ కొలతకు సరిగ్గా కట్టుకున్నాను (పరీక్షించనిదే ఏ లెక్కా ఒప్పుకోను). ముద్ద సగంలో ఆగిపోయింది. వెంటనే రాణికి మూడు వేళ్ల సందు వదిలాను. అది ముందుకాలు పట్టీలో ఇరికించుకుని గింజుకుంటే, విడిపించబోయిన నా చర్మమూ చొక్కా చేయీ పోయాయి. చివరికి రెండు వేళ్లు దూరేంత దగ్గర రాణీ నేనూ రాజీపడ్డాం.

అప్పుడు పిన్నిగారే వచ్చారు. “ఎక్కడైనా తగులుకుంటే ఉరి పడదుటయ్యా? మా వాడి నిక్కరు ఎలాస్టిక్ ఇదిగో, మధ్యలో కుట్టు. సాగితే తల బయటికొస్తుంది.” (మూసీ అవతల వదలాలన్నది ఈవిడే!)

ఆ వారమే, ఎదురుగా కడుతున్న ఇంటి పిల్లర్ దగ్గర మువ్వ ఆగకుండా మోగింది. ముగ్గురం పరుగెత్తాం. ఊచకు పట్టీ ఒక్కటే వేలాడుతోంది, పిల్లి లేదు. మేం చూస్తుండగానే మువ్వ ఊడి, కాంక్రీటు పోయడానికి పిల్లర్ చుట్టూ బిగించిన చెక్కపెట్టెలో పడింది, పైనుంచి కాంక్రీటూ పడింది. ఏడుస్తూ వెనక్కొచ్చిన ఓనరమ్మకు పిన్నిగారి గుమ్మంలో రాణి కనబడింది, మూతంతా పాలతో. పిన్నిగారు గిన్నె లాక్కోలేదు.

ఆ ఇంటిమీద ఇప్పుడు మూడంతస్తులు లేచాయి. మొన్న కొత్తపేట రైతుబజారులో టమాటాలు ఏరుతూనే ఓనరమ్మ అడిగింది, “సారూ, నా మువ్వేది?” నా అంగీ కాలర్‌లోకి రెండు వేళ్లు పెట్టి సర్దుకున్నాను. బాకీ: మువ్వ, ఒకటి.