అవ్వ పంటిమందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొగాకు ఉండేది కానీ, పొగాకు అనే మాట ఉండేది కాదు. మా అవ్వ బుగ్గన పెట్టుకునే దాన్ని ఇంటిల్లిపాదీ ‘పంటిమందు’ అనేవాళ్ళం. పాండిచ్చేరి అంగడివీధిలో మా నాయనకు స్టీలు సామాన్ల అంగడి. ఎప్పుడో తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం, వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. నలుగురిలో పేరున్న ఇంటి పెద్దావిడ, అందులోనూ మొగుడు పోయిన మనిషి, పొగాకు నములుతుందంటే పరువు పోదూ? ఆమెకు వయసులో ఉన్నప్పుడు దవడపన్ను నొప్పి వచ్చిందట. ఎవరో పుణ్యాత్ములు పొగాకు ముక్క అదిమి పెట్టుకోమన్నారట. పన్ను రాలిపోయింది, పొగాకు మాత్రం ఉండిపోయింది.

దాన్ని తెచ్చే పని నాది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వీధి చివర ఆకూవక్కా అమ్మే బంకు దగ్గరికి పోయి ‘అవ్వకు పంటిమందు’ అంటే, బంకాయన నవ్వుకుంటూ కాడ తుంచి కాగితంలో చుట్టి చేతిలో పెట్టేవాడు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలియదు. అవ్వ ఆ ముక్కకు సున్నం రాసి బుగ్గలో పెట్టుకోగానే ఆమె ముఖంలో చిరాకంతా పోయి నెమ్మది వచ్చేది. అది మందు కాదంటే నేనెలా నమ్ముతాను?

ఆ ఏడు ఎండాకాలంలో మా తమ్ముడికి దవడపళ్ళు వస్తున్నాయి. ఏడాదిన్నర పిల్లవాడు. మూడు రోజులుగా గుక్కపట్టి ఒకటే ఏడుపు. అమ్మ చిన్న సీసాలోని లవంగనూనె దూదితో చిగుళ్ళకు అద్దేది. దాన్నీ పంటిమందే అనేవాళ్ళం. అంటే మా ఇంట్లో పంటిమందులు రెండన్నమాట. ఒకదానికి ఆ పేరు తగును, ఇంకొకటి ఆ పేరు చాటున దాక్కుంది.

మా ఊళ్ళో మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే అంగళ్ళు మూసేస్తారు, మళ్ళీ నాలుగింటికే తీస్తారు. ఊరంతా భోంచేసి పడుకుంటుంది. ఆ రోజు నాయన ముందుగదిలో నిద్రపోతున్నాడు. అమ్మ మూడు రాత్రుల జాగారంతో చాప మీద ఒరిగిపోయింది. అవ్వ పెరట్లో బావి దగ్గర నీళ్ళు పోసుకుంటోంది. ఉయ్యాల ఊపమని నన్ను కూర్చోబెట్టారు. తమ్ముడికి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఉయ్యాల వదిలేసి లేచాను. పోయి అవ్వ పంటిమందు దాచుకునే ఇత్తడి డబ్బీ తీశాను. చిటికెడంత తుంచి నీళ్ళలో తడిపాను. సున్నం రాస్తే పసివాడి నోరు మండుతుందేమోనని రాయలేదు, అంత జాగ్రత్త నాకు. వాడి బుగ్గలో లోపలికి పెట్టి వేలితో అదిమాను.

వాడు చప్పరించాడు. కాసేపటికి ఏడుపు ఆగింది. అమ్మ లేచాక నన్ను మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ముందు చొంగ కారింది. తరువాత వాంతి. రెండోసారి వాంతి అయ్యేసరికి వాడి ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి, మెడ వాలిపోయింది. అమ్మ లేచి వాణ్ణి ఎత్తుకుంటే చేతులు వేలాడిపోయాయి. ఏం పెట్టినావే అని నన్ను పట్టి కుదిపింది. పంటిమందు పెట్టినానమ్మా అన్నాను. అమ్మ చూపు గూట్లో లవంగనూనె సీసా మీదికి పోయింది.

వీధిలో ఒక్క పురుగు లేదు. రిక్షావాళ్ళు బండ్లలోనే కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నారు. నాయన ఒకతన్ని భుజం పట్టి లేపాడు. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని అమ్మ, పక్కన నాయన, కాళ్ళ దగ్గర నేను. తడిచీరతో అవ్వ గుమ్మంలోకి వచ్చేటప్పటికి బండి కదిలిపోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు అరవంలో అడిగిన మొదటి మాట, ఏం మందు ఇచ్చారని. అమ్మ లవంగనూనె అంది. ఎంత అని నన్నడిగాడు. నా చిటికెనవేలి కొస చూపించాను. అంత మాత్రానికి ఇలా కాదే, ఇంకేదో ఇచ్చారు, ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ తెమ్మన్నాడు. నాయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. తిరిగి వచ్చేలోపల తమ్ముడి కాళ్ళూ చేతులూ అదరడం మొదలైంది. శ్వాస ఒకసారి వస్తే ఇంకోసారి వస్తుందో రాదో అన్నట్టుంది. నాయన తెచ్చిన సంచీలో దగ్గుమందు, గ్రైప్ వాటర్, దాదాపు నిండుగానే ఉన్న లవంగనూనె. డాక్టరు ఒక్కొక్కటీ మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేశాడు.

అమ్మ నా ముందు నేల మీద కూలబడింది. “నీ కాళ్ళు పట్టుకుంటా పాపా, చెప్పు. ఏం పెట్టినావు?”

“పంటిమందేమ్మా.”

నేను అబద్ధం చెప్పడం లేదు. ఆ వస్తువుకు నాకు వేరే పేరు తెలియదు. నాకు తెలిసిన ఒక్క మాటనే పది సార్లు చెప్పాను, పది సార్లూ అది వాళ్ళకు లవంగనూనెగానే వినిపించింది. పెద్దవాళ్ళు పరువు కోసం పెట్టుకున్న ఆ ముద్దుపేరు నా తమ్ముడి ప్రాణం తీస్తోందని ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

అవ్వ నడిచి వచ్చింది. ఆ ఎండలో, కాలే తారురోడ్డు మీద, ఒట్టి కాళ్ళతో. తడిచీర ఒంటి మీదే ఆరిపోయింది. మూత తెరిచి ఉన్న డబ్బీ చూసి ఆమెకు అర్థమైందట. దాన్ని తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టి, ముందు అరవంలో, తరువాత తెలుగులో అంది. “పుగయిలై. పొగాకు. నా పొగాకయ్యా ఇది. బిడ్డ ఏడస్తా ఉంటే నేనే పెట్టినా.”

వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. వాళ్ళలో మా అంగడికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇరవై ఏళ్ళు దాచుకున్న మాటను ఆమె అందరి ముందూ గట్టిగా చెప్పింది. దాని పక్కనే ఒక అబద్ధం కూడా చెప్పింది. నేను పెట్టింది లవంగనూనేనని, పొగాకు అవ్వ పెట్టిందని అందరూ నమ్మారు. నేను నోరు తెరవలేదు.

డాక్టరు ఇంకేమీ అడగలేదు. కడుపు కడిగారు, సూదులు వేశారు. దీపాలు పెట్టే వేళకు వాడు కళ్ళు తెరిచి అమ్మకోసం ఏడ్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాడని డాక్టరు నాయనతో అన్నాడు.

అమ్మ ఆ రోజు నుంచి అవ్వతో మాట్లాడలేదు. పిల్లవాణ్ణి ఆమె చేతికి ఇవ్వలేదు. బాహూరులో ఉన్న మా మేనత్త ఇంటికి అవ్వను పంపెయ్యాలని తీర్మానమైంది. పోయేముందు నాలుగు రోజులు ఆమె పొగాకు మానాలని చూసింది. చేతులు వణికేవి, నీళ్ళు కూడా సయించేవి కావు, గోడకు తల ఆనించి మూలిగేది. నాలుగో రోజు నన్ను పిలిచింది. “బంకు కాడికి పో. పంటిమందు అనబాకు. పొగాకు అను. అందరికీ వినపడేట్టు అను.”

పోయి అలాగే అన్నాను. బంకాయన చెయ్యి ఆగిపోయింది. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నన్ను ఎగాదిగా చూశారు. “ఏంది పాపా, ఆడబిడ్డవి, చిన్నదానివి, పొగాకు అడగొచ్చా? పో ఇంటికి” అన్నాడు.

వట్టి చేతులతో వచ్చాను. అవ్వ ఏడుస్తూనే నవ్వింది. “చూసినావా. మందంటే ఇన్నాళ్ళూ ఇచ్చినాడు. పేరు చెప్తే వానికే సిగ్గయింది. ఆ పేరు నేను ముందే చెప్పుకొనుంటే నాకూ సిగ్గయ్యుండును.”

అయితే నేను పెట్టిన సంగతి అమ్మకు చెప్పేస్తానన్నాను. అవ్వ గబుక్కున నా నోరు మూసింది. “వద్దు బిడ్డా. నువ్వు ఆ ఇంట్లో శానా కాలం బతకాల. నాకేముండాది.” దేని పేరూ దాచొద్దని నేర్పిన మనిషే నా పేరు దాచిపెట్టింది. నేనూ దాచనిచ్చాను.

బాహూరులో ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. మానలేకపోయింది, మానలేక తనను తాను తిట్టుకుంది. కొన్నేళ్ళకు ఆ బుగ్గలోనే పుండు లేచి దవడ తినేసింది. మేము చూడబోయినప్పుడు ఆమె నోట్లోకి గంజి చుక్క దిగడం లేదు, మాట రావడం లేదు. అమ్మ గడప దాటి లోపలికి రాలేదు. అవ్వ కళ్ళు గడప వైపే ఉన్నాయి. అప్పుడైనా నేను చెప్పి ఉండాల్సింది. నాకు పదమూడేళ్ళు, చెప్పగలిగే వయసే. చెప్పలేదు. తరువాత అమ్మ కూడా పోయింది, అత్త తన కొడుకును చంపబోయిందన్న నమ్మకంతోనే పోయింది.

పోయిన నెల తమ్ముడింట్లో భోజనాలు. లాస్‌పేట కాలేజీలో చదివే వాడి చిన్నకొడుకు జేబులో పెన్నులాంటిది ఉంది. పీలిస్తే మామిడిపండు వాసన వచ్చింది. ఇది సిగరెట్టు కాదత్తా, ఉత్త ఆవిరి అన్నాడు. అందులో ఉండేదీ పొగాకు సారమేనని నాకు తెలుసు. తమ్ముడు నవ్వుతూ, “పోనీలే అక్కా, ఆవిరే గదా. నా నోట్లో మా అవ్వ పొగాకే కుక్కింది, నేను చచ్చిపోయినానా” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాటకు మా ఇంట్లో ఎప్పుడూ నవ్వుతారు. నేను మాత్రం ముద్ద వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాను.

అందుకే ఇది రాశాను. తమ్ముడూ, నీ నోట్లో పొగాకు పెట్టింది అవ్వ కాదు, నేను. నీ ప్రాణం నిలిపింది అవ్వ. రాసి ముగించాక గుర్తొచ్చింది, మా తమ్ముడికి తెలుగు మాట్లాడడమే కానీ చదవడం రాదు. మా ఇంట్లో తెలుగు అక్షరాలు నాకొక్కదానికే వచ్చు, అవ్వ నేర్పినవి. అంటే వాడు చదవలేని లిపి చాటున నేను మళ్ళీ దాక్కున్నాను. రేపు పొద్దున పోయి, వాడి చిన్నకొడుకును కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఇది నేనే గట్టిగా చదవాలి.